రాతిపొరకు వయసు కట్టేదెలా: గౌరీపట్నం క్వారీ నుంచి మైక్రోస్కోపు దాకా

కొవ్వూరు నుంచి దేవరపల్లి వెళ్లే దారిలో పంగిడి, దుద్దుకూరు, గౌరీపట్నం ఊళ్ల చుట్టూ నల్లరాతి క్వారీలున్నాయి. మన రోడ్లకు, స్లాబులకు పడే కంకరలో చాలా భాగం అలాంటి చోట్ల నుంచే వస్తుంది. పాత క్వారీ గోడ ఒకదాన్ని కాస్త ఎడంగా నిలబడి చూస్తే కింద నల్లరాయి, పైన నల్లరాయి, రెంటి నడుమ లేతరంగు పట్టీ కనిపిస్తుంది. పైదీ కిందిదీ గడ్డకట్టిన లావా. నడుమ పట్టీ మాత్రం లావా కాదు. ఒక లావా పారి చల్లారాక, ఇంకో లావా వచ్చి కప్పేలోపు నీటి అడుగున పేరుకున్న సున్నపు బురద, బంకమన్ను రాయిగా మారినది. గోదావరికి అవతలి ఒడ్డున కాతేరు దగ్గరా ఇదే వరస. ఈ లావాలను భూవిజ్ఞానులు రాజమండ్రి ట్రాప్స్ అంటారు. వీటి రసాయనం మహాబలేశ్వర్ వైపు పడమటి కనుమల దక్కన్ లావాలతో సరిపోలింది. అంటే ఆ లావా వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ఇక్కడి తీరానికి చేరింది. భూమ్మీద ఇంత దూరం పారిన లావాలు అరుదు.

ఆ నడుమ పట్టీ వయసు తేలితే కింది లావా దానికంటే ముందుదని, పైది దాని తర్వాతదని తేలుతుంది. డైనోసార్లు అంతరించిన సమయానికీ దక్కన్ లావాలకూ సంబంధం ఉందా అనే పెద్ద ప్రశ్నకు సాక్ష్యంలో ఒక ముఖ్యమైన భాగం ఈ సన్నటి పొరలోంచే వచ్చింది. ఇలాంటి పొరకు వయసు కట్టే పని మొదటి నుంచి చివరి దాకా ఎలా సాగుతుందో చెప్పడమే ఈ కథనం.

మొదట ఒక మాట. రాయిని చూసి వయసు చెప్పలేం. వికారాబాద్ దగ్గర నస్కల్ అనే ఊళ్లోనూ నల్లరాళ్ల నడుమ ఇలాంటి పొర ఉంది. నల్లరాయి రంగు, గట్టిదనం రెండు చోట్లా ఒకటే. కానీ నస్కల్ పొర డైనోసార్లు ఇంకా తిరుగుతున్న కాలానిది, గౌరీపట్నం పొర అవి పోయాక ఏర్పడింది. ఆ తేడా బయటపెట్టింది లోపలున్న శిలాజాలే.

పాత సూత్రాలు రెండు

కదలకుండా ఉన్న పొరల్లో కిందిది ముందు పుట్టింది, పైది తర్వాత పుట్టింది అని 1669లో నికొలాస్ స్టెనో చెప్పాడు. ఇది ఒక గోడ వరకు పనికొస్తుంది. గౌరీపట్నం గోడనూ నస్కల్ గోడనూ పక్కపక్కన పెట్టి ఏది ముందో చెప్పడానికి పనికిరాదు.

ఆ చిక్కు విప్పింది ఇంగ్లండులో కాలవల తవ్వకానికి కొలతలు తీసే విలియం స్మిత్. సోమర్సెట్ బొగ్గు కాలవ పనిలో ఉండగా ఆయన గమనించింది ఇదీ: ఒకేలా కనిపించే సున్నపురాళ్లలోనూ ఒక్కో పొరకు తనవైన గవ్వల జట్టు ఒకటి ఉంటుంది, మైళ్ల దూరం వెళ్లినా ఆ జట్ల వరస మారదు. 1799లో బాత్ పట్టణం చుట్టుపక్కల పొరల పట్టిక చెప్పి రాయించాడు. 1815లో ఇంగ్లండ్, వేల్స్ భూగర్భ పటం ప్రచురించాడు. వరస ఎందుకు మారదో ఆయనకు తెలియదు. పరిణామాన్ని వివరించిన డార్విన్ పుస్తకం 1859లో గానీ రాలేదు. కారణం ఇదీ: ఒక జాతి ఒక్కసారే పుడుతుంది, పోయాక మళ్లీ రాదు. రాళ్లు మాత్రం అలా కాదు, ఏ కాలంలోనైనా సముద్రం అడుగున సున్నపురాయి ఒకేలా తయారవుతుంది. అందుకే కాలం లెక్క రాళ్లకంటే జీవుల దగ్గర భద్రంగా ఉంది.

క్వారీలో

పని గోడ శుభ్రం చేయడంతో మొదలవుతుంది. ఎండకు, వానకు పొడిబారిన పైభాగాన్ని సుత్తితో, ఉలితో చెక్కేసి లోపలి తాజా రాయి బయటపడే దాకా వెళ్లాలి. చెట్ల వేళ్లు దిగిన పగుళ్లను వదిలేయాలి. వాటి వెంట పైమట్టి లోపలికి జారి ఉంటుంది.

తర్వాత టేపు పట్టాలి. కింది లావా పైముఖం సున్నా. అక్కడి నుంచి పైకి, పది సెంటీమీటర్లకో నమూనా. పొర పలచనైతే ఇంకా దగ్గరగా తీస్తారు. కింది నుంచి పైకే వెళ్లాలి. పైన కొట్టినప్పుడు రాలిన ముక్కలు అప్పటికే నమూనా తీసేసిన చోట పడతాయి కాబట్టి నష్టం ఉండదు. ప్రతి నమూనాకు సంచి మీద ఒక నంబరు, లోపల చీటీ మీద అదే నంబరు, రాతి మీద పైవైపు ఏదో చూపే బాణం గుర్తు. సంచి మీది సిరా చెరిగినా లోపలి చీటీ ఉంటుంది. గోడ ఫొటో తీసేటప్పుడు పక్కన సుత్తి పెడతారు, కొలత తెలియడానికి.

ఈ దశలోనే చూడాల్సినది ఇంకొకటుంది. పై లావా నిజంగా పైన పారి వచ్చిందా, లేక చాలాకాలం తర్వాత భూమి లోపలి నుంచి పొరల మధ్యకు చొరబడిందా? పైన పారితే దాని కింద మట్టి మాత్రమే కాలి రంగు మారుతుంది. చొరబడితే దానికి పైనా కిందా ఉన్న రెండు పొరలూ కాలుతాయి. దీన్ని తేల్చుకోకుండా ముందుకు పోతే తర్వాత చేసిన పనంతా తప్పు పునాది మీద నిలబడుతుంది.

కింద రాలిపడిన రాయి, అందులో ఎంత అందమైన గవ్వ ఉన్నా, వయసు లెక్కకు తీసుకోరు. అది ఏ ఎత్తు నుంచి పడిందో తెలియదు కదా.

కంటికి కనిపించే శిలాజాలూ ఉంటాయి. సముద్రపు ముత్యపుచిప్పల జాతివి, మెలితిరిగిన పొడుగాటి నత్తగుల్లలు. 1860లో నాగపూర్‌లో ఉండే స్టీఫెన్ హిస్లాప్ అనే మిషనరీ కాతేరు గవ్వలను కూడా వర్ణిస్తూ పెద్ద వ్యాసం ప్రచురించాడు. ఈ గవ్వలు ఆ నీరు ఉప్పుదా, మంచిదా, నది ముఖమా, లోతు సముద్రమా చెబుతాయి. వయసును మాత్రం గట్టిగా చెప్పవు. ఉప్పూ మంచీ కలిసిన నీటిలో బతికే జీవులు చాలా ఓపికైనవి. కోట్ల ఏళ్లు పెద్దగా మారకుండా ఉండిపోతాయి. వయసు కట్టడానికి కావలసినవి వేరు. తక్కువ కాలం బతికిన జాతి కావాలి, సముద్రాలన్నిటా తిరిగి ఉండాలి, గుప్పెడు మట్టిలో వందల కొద్దీ దొరకాలి, చూడగానే గుర్తుపట్టగలగాలి. ఈ నాలుగూ కుదిరేవి సముద్రం పైనీటిలో తేలుతూ బతికిన ఏకకణ జీవులు, ఫోరామినిఫెరా. వాటి సున్నపు గుల్లలు అడుగుకు దిగి బురదలో కలిసిపోతాయి. క్వారీ గోడలో అవి కంటికి ఆనవు.

ల్యాబులో: నానబెట్టడం, కడగడం

రాయిని పొడి చేయకూడదు. సెంటీమీటరు, రెండు సెంటీమీటర్ల ముక్కలు చాలు. మెత్తటి బంకరాయి అయితే నీళ్లలో కాస్త హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి రాత్రంతా నానబెడతారు. బురుగు లేచి ముక్కలు విచ్చుకుంటాయి. గుల్లలు సున్నం కాబట్టి ఆమ్లం దరిదాపుల్లోకి రానివ్వరు. అదే చేపపళ్లు, క్షీరదాల పళ్ల కోసం సున్నపురాయిని కరిగించేవాళ్లు పలచని ఎసిటిక్ ఆమ్లమే వాడతారు, ఎందుకంటే పన్ను ఫాస్ఫేటు, అది నిలబడుతుంది. వెతికేది ఏమిటో ముందే తెలిస్తేగాని దేన్ని కరిగించాలో తెలియదు.

నానిన బురదను సన్నటి జల్లెడలో పోసి నీటి ధార కింద కడుగుతారు. ఈ మెట్టు దగ్గర ఆగి చెప్పాలి, ఎందుకంటే మొత్తం పనిలో మనిషి నిర్ణయం ఫలితాన్ని ఇంతగా మార్చే చోటు మరొకటి లేదు. మామూలుగా ఫోరామినిఫెరా పనికి 150 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) జల్లెడ వాడేవాళ్లు చాలామంది. డైనోసార్ల ఆఖరి కాలమైన క్రెటేషియస్ చివరి సముద్రాల్లోని పెద్ద జాతులు అర మిల్లీమీటరు దాకా ఉంటాయి, హాయిగా జల్లెడలో నిలుస్తాయి. కానీ డైనోసార్లను తుడిచిపెట్టిన మహావినాశనం తర్వాత మొదట పుట్టిన జాతులు మరుగుజ్జులు. చాలావాటికి పదో వంతు మిల్లీమీటరు కూడా ఉండదు. 150 మైక్రాన్ల జల్లెడలో అవన్నీ నీటితో పాటు సింకులోకి పోతాయి. పరిశోధకుడు నోట్‌బుక్కులో ‘శిలాజాలు లేవు’ అని రాసుకుంటాడు. అందుకే ఈ కాలపు రాళ్లకు 63 మైక్రాన్ల జల్లెడ, దాని కింద 38 మైక్రాన్లది పెట్టి కడగాలి. పని నాలుగింతలవుతుంది. ఆ ఓపిక లేకపోతే ఈ పొరకు వయసు లేదు.

ఒక నమూనా కడిగాక జల్లెడ తోమి, మిథిలీన్ బ్లూ రంగు నీళ్లలో ముంచుతారు. కన్నాల్లో ఇరుక్కుపోయిన పాత గుల్ల ఏదైనా ఉంటే నీలంగా మారుతుంది. తర్వాతి నమూనాలో నీలిగుల్ల కనిపిస్తే అది ఈ నమూనాది కాదని తెలిసి పక్కన పెట్టేస్తారు. చవకైన ఉపాయం, కానీ తప్పుడు వయసు నుంచి కాపాడేది ఇదే.

గట్టి సున్నపురాయి ఎంత నానినా విచ్చుకోదు. అలాంటప్పుడు రాతిని కోసి, గాజుపలకకు అతికించి, 0.03 మిల్లీమీటర్ల మందం వచ్చే దాకా అరగదీస్తారు. వెలుతురు దూరేంత పలచన. అందులో గుల్లలు నిండుగా కనిపించవు, ఎటుపడితే అటు తెగిన కోతలు కనిపిస్తాయి. ఒకే జాతి పదిరకాలుగా తెగి ఉంటుంది. దీనికి ఏళ్ల అనుభవం కావాలి.

మైక్రోస్కోపు కింద

ఆరిన అవశేషాన్ని గళ్లు గీసిన నల్లటి పళ్లెంలో పలచగా చల్లుతారు. మూడు సున్నాల నంబరు కుంచె కొస నీటితో తడిపి, ఒక్కో గుల్లనూ ఎత్తి, అరవై గళ్ల స్లయిడులో జిగురు మీద అమర్చాలి. ఒక నమూనాకు మూడు వందల గుల్లలు ఏరడం వాడుక. ఊపిరి గట్టిగా వదిలితే గుల్లలు ఎగిరిపోతాయి.

ఇక గుర్తుపట్టడం. గదులు ఎన్ని, ఎలా పేర్చి ఉన్నాయి, నోరు ఎక్కడుంది, గోడ నునుపా గరుకా అని చూస్తారు. గ్లోబోట్రుంకానా జాతులు వెడల్పుగా చుట్ట తిరిగి, అంచు వెంట గట్టులాంటి రెండు గీతలతో ఉంటాయి. ఒకసారి చూస్తే మరిచిపోరు. అవి క్రెటేషియస్‌తోనే పోయాయి. గ్యూంబెలిట్రియా గదులు మూడు వరసలుగా పైకి పేర్చుకుంటాయి. గుల్ల చాలా చిన్నది. మహావినాశనానికి ముందూ ఉంది, దాన్ని తట్టుకుని తర్వాతా బతికింది, పోటీ లేని సముద్రాల్లో విపరీతంగా పెరిగింది. ఇక అసలు సాక్షి పేరు పార్వులారుగోగ్లోబిజెరినా యుగుబినా. పేరు పొడవు, జీవి మాత్రం కంటికి ఆననిది. చుట్ట తిరిగిన గుండ్రటి గదులు. ఇటలీలోని గుబ్బియో పట్టణం దగ్గరి రాళ్లలో దీన్ని గుర్తించి 1964లో లూటర్‌బాకర్, ప్రెమోలీ సిల్వా ఆ ఊరి లాటిన్ పేరుతోనే దీనికి పేరు పెట్టారు. మహావినాశనం తర్వాత కొద్దికాలానికే పుట్టి, కొన్ని లక్షల ఏళ్లలో మాయమైంది. భూమి లెక్కలో అది చాలా ఇరుకైన కిటికీ.

జట్టును చదవడం

ఒక్క శిలాజాన్ని పట్టుకుని వయసు చెప్పరు. ఎవరెవరు కలిసి ఉన్నారో, ఎవరు లేరో చూస్తారు. తేదీ లేని పాత పెళ్లిఫొటోలో తాతయ్య ఉన్నాడు, బాబాయి కొడుకు ఇంకా పుట్టలేదు అంటే ఫొటో ఏ రెండేళ్ల మధ్యదో ఇంట్లోవాళ్లు చెప్పగలిగినట్టు.

దానికి పెద్ద కాగితం మీద పట్టిక గీస్తారు. ఎడమవైపు కింది నుంచి పైకి నమూనాల ఎత్తులు. ప్రతి జాతికి ఒక నిలువు గీత, అది మొదట కనిపించిన ఎత్తు నుంచి చివర కనిపించిన ఎత్తు దాకా. గీతలు ఒకదానిపక్కన ఒకటి వచ్చాక అవి కలిసి ఉన్న పట్టీలు కంటికి కడతాయి. ఒక్కో పట్టీని జోన్ అంటారు. ఉదాహరణకు ఒక నమూనాలో గ్యూంబెలిట్రియా ఒక్కటే ఉంటే వయసు తేలదు, అది వినాశనానికి ముందూ తర్వాతా ఉంది. దానితో యుగుబినా కలిస్తే వినాశనం తర్వాతి పేలియోసీన్ యుగపు తొలి మెట్లలో ఒకటి, పి1ఏ జోన్. యుగుబినాతో పాటు సబ్బోటినా ట్రైలోకులినాయిడెస్, పారాసబ్బోటినా సూడోబులోయిడెస్ కూడా కనిపిస్తే అదే జోన్‌లో పైసగం. గ్లోబోట్రుంకానాలు ఒక్కటీ లేకపోవడమూ ఈ సాక్ష్యంలో భాగమే.

ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్ బృందం 2008లో ప్రచురించిన ఫలితం ఇదే. రాజమండ్రి క్వారీల్లో కింది లావా మీద నేరుగా కూర్చున్న బురదలో పి1ఏ జోన్ జట్టు ఉంది. అంటే కింది లావాలు చల్లారే సమయానికి క్రెటేషియస్ ముగియబోతోంది, లేదా ముగిసి ఎంతోకాలం కాలేదు.

అనుమానించాల్సినవి

వరదకు పాత రాయి కొట్టుకొచ్చి కొత్త బురదలో పడితే పాత శిలాజం కొత్త పొరలో చేరుతుంది. అరిగిన అంచులు, తక్కినవాటితో కలవని రంగు, లోపల నిండిన మట్టి వేరుగా ఉండడం దాన్ని పట్టిస్తాయి. అందుకే పాత జాతి ముగింపు కంటే కొత్త జాతి పుట్టుకనే ఎక్కువ నమ్ముతారు. పాతది కొత్తలో కలవవచ్చు, ఇంకా పుట్టనిది మాత్రం కలవడం కుదరదు.

బోరుబావుల్లో ఇది తలకిందులవుతుంది. పాలకొల్లు పరిసరాల్లో ఓఎన్‌జీసీ చమురు కోసం వేసిన లోతైన బావుల్లోనూ ఈ లావాలు తగిలాయి. అక్కడ డ్రిల్లింగు బురదతో పైకొచ్చే రాతిముక్కల్లో పై పొరల నుంచి రాలినవి కలిసిపోతుంటాయి. కాబట్టి బావిలో కొత్త జాతి ‘పుట్టుక’ను నమ్మలేం. కిందికి దిగుతుండగా ఒక జాతి మొదటిసారి ఎక్కడ తగిలిందో, అంటే అది చివరగా బతికింది ఎక్కడో, దాన్నే నమ్మాలి. ఆ బావుల్లో లావాల అడుగున క్రెటేషియస్ చివరి జట్టు, లావాల పైన పేలియోసీన్ మొదటి జట్టు దొరికాయి. క్వారీ చెప్పిన మాటకు బావి సాక్ష్యం పలికింది.

ఇంకో జాగ్రత్త. ఒక జాతి చివరి శిలాజం దొరికిన చోటే ఆ జాతి ఆగిపోయిందని అనుకోకూడదు. అరుదైన జాతుల చివరి రోజులు మనకు చిక్కవు. దీన్ని 1982లో సిగ్నర్, లిప్స్ అనే ఇద్దరు లెక్కగట్టి చూపించారు.

ఏళ్లలోకి మార్చడం

శిలాజాలు వరస చెబుతాయి, సంవత్సరాలు చెప్పవు. అంకె కోసం అగ్నిపర్వతపు రాళ్ల దగ్గరికి వెళ్లాలి. వాటిలోని పొటాషియం నెమ్మదిగా ఆర్గాన్‌గా మారే వేగాన్ని బట్టి క్రెటేషియస్ ముగింపు సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ల కిందట అని తేల్చారు. మరి గౌరీపట్నం లావానే నేరుగా కొలిస్తే సరిపోదా? కొలిచారు. కానీ ఈ నల్లరాయిలో పొటాషియం తక్కువ, భూగర్భజలం తగిలి కొంత ఆర్గాన్ పోయి ఉంటుంది. వచ్చే అంకెకు అటూ ఇటూ సందు ఎక్కువ. సున్నపు గుల్లల జోన్ దానికంటే ఇరుకైనది.

మూడో సాక్షి అయస్కాంతం. లావా చల్లారేటప్పుడు అప్పటి భూమి అయస్కాంత దిశను ఇముడ్చుకుంటుంది. రాజమండ్రి కింది లావాల్లో దిశ ఇప్పటికి తలకిందులుగా, పై లావాల్లో ఇప్పటిలాగే ఉంది. కింద 29ఆర్, పైన 29ఎన్ అనే కాలాలివి. నడుమ పి1ఏ జట్టు ఆ మలుపుకు సరిగ్గా కుదురుతుంది. మూడు పద్ధతులు ఒకదాన్నొకటి ఎరగకుండా ఒకే చోటికి వచ్చాయి కాబట్టే ఈ వయసు మీద నాకు గురి.

దక్కన్ లావాలే వినాశనానికి కారణమా, మెక్సికోలో పడిన గ్రహశకలమా, రెండూ కలిసా అనే వాదన వేరు, అది నేటికీ సాగుతోంది. పొర వయసు మాత్రం ఆ వాదనలో ఇరువైపులవాళ్లకూ పనికొచ్చేది.

సముద్రం లేని చోట

నస్కల్‌కు సముద్రం రాలేదు. అక్కడిది మంచినీటి మడుగు. తేలే ఫోరామినిఫెరా ఉండవు. దక్కన్ నడిమి పొరలు చాలావరకు ఇలాంటివే, అందుకే వాటి వయసు గురించి దశాబ్దాల పాటు తగవు నడిచింది. 1934లో వృక్షశిలాజ శాస్త్రవేత్త బీర్బల్ సాహ్నీ, తాటి జాతి మొక్కల అవశేషాలను బట్టి ఇవి డైనోసార్ల తర్వాతి ఇయోసీన్ కాలానివని వాదించారు. మొక్కలు అబద్ధం చెప్పలేదు, కానీ అవి నెమ్మదిగా మారతాయి. సన్నటి కిటికీ ఇవ్వలేవు.

దారి చూపింది పళ్లు. బస్తాల కొద్దీ మట్టి నానబెట్టి, కడిగి, మిగిలిన ఇసుకను గింజగింజా వెతికితే మిల్లీమీటరు సైజు పళ్లు దొరికాయి. 1988లో జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్నీ నస్కల్ నుంచి భారతదేశపు మొదటి క్రెటేషియస్ క్షీరదాన్ని ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. దాని పేరు దక్కనోలెస్టెస్ హిస్లాపీ, కాతేరు గవ్వలను వర్ణించిన ఆ హిస్లాప్ పేరిటే. అశోక్ సాహ్నీ, బీర్బల్ సాహ్నీకి తమ్ముడి కొడుకు. ఆసిఫాబాద్ పొరల్లో దొరికిన ఇగ్డాబాటిస్ అనే టేకుచేప పళ్లు కూడా అదే మాట చెప్పాయి. ఆ చేప జాతి ఆఫ్రికాలోని నైజర్‌లో క్రెటేషియస్ చివరి రాళ్లలో ముందే తెలిసినది.

అలా ఒకే నల్లరాతి కుటుంబంలో కొన్ని నడిమి పొరలు వినాశనానికి ముందువి, కొన్ని తర్వాతివి అని తేలింది.

క్వారీలు లేకపోతే ఈ పొరలు మన కంటపడేవి కావు, ఆ క్వారీలే వాటిని కంకరలో కలిపేస్తున్నాయి కూడా. మీ ఊళ్లో బావి తవ్వుతుండగానో, క్వారీ గోడలోనో రాతిలో గవ్వ, పన్ను, ఎముక లాంటిది కనిపిస్తే వెంటనే పీకి ఇంటికి తీసుకుపోకండి. ముందు అది ఉన్న చోటే, పక్కన ఒక స్కేలు పెట్టి ఫొటో తీయండి. నేల నుంచి ఎంత లోతో, పైన ఏ రాయి, కింద ఏ రాయి ఉన్నాయో రాసుకోండి. ఆ వివరాలతో ఆంధ్ర విశ్వవిద్యాలయం లేదా ఉస్మానియా విశ్వవిద్యాలయం భూగర్భశాస్త్ర విభాగానికి గానీ, హైదరాబాద్ బండ్లగూడలోని భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ కార్యాలయానికి గానీ తెలియజేయండి. చోటు తెలియని శిలాజం షోకేసులో బొమ్మగా మిగులుతుంది, చోటు తెలిసినదైతే ఆ పొర వయసు చెప్పగలదు.